జంటచక్రాల దీవి

రాజు ఒక్కడే. జెండా ఒక్కటే. నాణెం మీద బొమ్మ కూడా ఒక్కటే. కానీ సౌదామినీ రాజ్యంలో మెరుపులు మాత్రం రెండు! వినడానికి విడ్డూరంగా ఉంది కదూ? ఆ విడ్డూరం ఎందరి ఉసురు పోసుకుందో తెలిస్తే నవ్వు రాదు.

పూర్వం ఆ రాజ్యాన్ని ఏలిన మహారాజుకు ఇద్దరు మంత్రులుండేవారు. ఒకరంటే ఒకరికి గిట్టదు. తూర్పు మంత్రి సముద్రాల అవతలి నుంచి ఒక మాంత్రికుణ్ణి పిలిపించి, అశనిగిరి గుహలో ఒక మెరుపును బంధింపజేసి, రాగి తీగల గుండా ఊరూరికీ పంచిపెట్టాడు. దీపాలు వెలిగాయి. నీటి చక్రాలు వాటంతటవే తిరిగాయి. అది చూసి పడమటి మంత్రికి కడుపు మండింది. అతను మంచుకొండల నుంచి మరో మాంత్రికుణ్ణి తెచ్చి, శైలపురి కోట కింద ఇంకో మెరుపును కట్టేయించాడు. తూర్పు మెరుపుది ఖండ నడక. ఒక్క ఊపిరిలో తక తకిట అని ఐదుసార్లు కొట్టుకుంటుంది. పడమటిది మిశ్ర నడక. అదే ఊపిరిలో తకిట తకధిమి అని ఏడుసార్లు కొట్టుకుంటుంది. ఒకదాని కోసం చేసిన చక్రం రెండోదానికి పనికిరాదు.

"మహాప్రభో, రెంటిలో ఏదో ఒకటి ఉంచండి, ముందు ముందు చిక్కులొస్తాయి" అని పెద్దలు మొత్తుకున్నారు. మహారాజు అప్పుడు భోజనం చేస్తున్నాడు. "రెండూ వెలుగుతున్నాయి కదయ్యా! నన్ను అన్నం తిననివ్వండి" అన్నాడు. అంతే! ఆ ఒక్క ముద్ద కోసం రాజ్యం నిలువునా చీలిపోయింది. నడుమ నీలవేణి నది ఉండనే ఉంది, చీలిక గీయడానికి వేరే గీత అక్కర్లేకపోయింది. తూర్పువాడికి పడమటివాడి దరువు అపశకునం. పడమటివాడికి తూర్పువాడి దరువు కుంటినడక. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, పడవలు ఆగిపోయాయి, చివరికి ఏ ఒడ్డువాడు ఆ ఒడ్డునే బతకడం అలవాటైపోయింది.

ఇప్పుడు, మన కథ జరుగుతున్న వేళకు, భూకంపం వచ్చి అశనిగిరి రెండుగా పగిలింది. తూర్పు మెరుపు తప్పించుకుని ఆకాశంలోకి పారిపోయింది. సముద్రమట్టానికి దిగువన, కరకట్టల చాటున బతుకుతున్న లవణపురిలో నీళ్ళు తోడే చక్రాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కట్టల పగుళ్ళలోంచి సముద్రం లోపలికి రావడం మొదలెట్టింది. యువరాజు వసుకేతుడి చెల్లెలు హేమలేఖ కొంగు బిగించి పల్లపు పేటల వాళ్ళను కూడగట్టింది. మనుషులే చక్రాల మీదికెక్కి కాళ్ళతో తొక్కడం మొదలెట్టారు. అలిసి తూలి చక్రాల నడుమ పడిపోకుండా నడుములకు తాళ్ళు కట్టుకుని, పై దూలాలకు బిగించుకున్నారు. హేమలేఖ కూడా ఒక చక్రమెక్కింది.

"నా కాళ్ళు ఆడినంతసేపూ ఊరు మునగదు. ఆ తరువాత నాకు తెలియదు. నువ్వెళ్ళి మెరుపు తెస్తావో, ఏం చేస్తావో, తొందరగా రా అన్నయ్యా" అంది.

అందుకే వసుకేతుడు ఈ ఉదయం నీలవేణి దాటి, అతుకుల పంచె, అంటించిన గడ్డం, భుజం మీద మాటలు నేర్చిన రాచిలుకతో పడమటి రేవులో దిగాడు. వెంట ఆస్థాన మద్దెలగాడు డిండిముడు ఉన్నాడు. లావుపాటి మనిషి, నలభై దాటినవాడు, యువరాజుకు చిన్నప్పుడు తాళం నేర్పినవాడు కూడా. తూర్పువాళ్ళు ఎవరు కనబడినా పట్టి కొట్లో వెయ్యమని రేవులో ఉత్తర్వుంది. "నేను యువరాజును" అంటే నమ్మేవాళ్ళు లేరు. నమ్మినా, మర్యాదలకూ విచారణలకూ రెండు రోజులు పడుతుంది. అప్పటికి లవణపురి చేపల పాలవుతుంది.

రేవు తలుపు దగ్గర కావలి నాయకుడు మీసం మెలేస్తూ అడ్డం నిలబడ్డాడు.

"ఎవర్రా మీరు?"

"మద్దెలగాళ్ళం బాబూ. కోటలో కచేరీ ఉందంటే వచ్చాం. వీడు నా శిష్యుడు" అన్నాడు డిండిముడు వంగి వంగి దండాలు పెడుతూ.

"అయితే చప్పట్లు కొట్టండి."

ఆ రేవులో అదే పరీక్ష. మాట మార్చుకోవచ్చు, వేషం మార్చుకోవచ్చు. పుట్టినప్పటి నుంచీ గోడల్లో, దీపాల్లో, చక్రాల్లో విన్న దరువు మాత్రం చేతుల్లోంచి పోదు. డిండిముడు ఏడు దరువులు వాయించి చూపించాడు, అలవోకగా. వసుకేతుడి వంతు వచ్చింది. తకిట తకధిమి. తకిట తకధిమి. నుదుట చెమట పట్టింది. తకిట తకధిమి... తక తకిట!

కావలి నాయకుడి చెయ్యి కత్తి మీదికి పోయింది. వసుకేతుడి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఫెళ్ళున ఒక చెంపదెబ్బ! కొట్టింది కావలివాడు కాదు, డిండిముడు.

"వెధవా! శుంఠా! ఎన్నేళ్ళు నేర్పాన్రా నీకు? ఆ దిక్కుమాలిన తూర్పువాళ్ళ కుంటినడక ఎక్కడ తగిలించుకున్నావురా? బాబూ, వీణ్ణి కొట్లో వేసి పుణ్యం కట్టుకోండి, నాకు పీడ వదులుతుంది!" అంటూ రెండో చెంప కూడా వాయించాడు.

కావలివాళ్ళు పగలబడి నవ్వారు. "నీ కర్మ, నువ్వే పడు. మాకెందుకు వీడు?" అని తలుపు తీశారు.

వీధి మలుపు తిరిగాక వసుకేతుడు చెంప తడుముకుంటూ, "మొదటిది సరే. రెండోది ఎందుకురా?" అన్నాడు.

"తాళం తప్పినందుకు ప్రభూ" అన్నాడు డిండిముడు, నవ్వకుండా.

శైలపురి వైభవం చూసి ఇద్దరూ నడక మరిచారు. కొండ మీద అంచెలంచెలుగా కట్టిన పాలరాతి మేడలు. పట్టపగలు, సూర్యుడు నడినెత్తికి వస్తున్న వేళ, ప్రతి గుమ్మానికీ మెరుపు దీపాలు జిగేల్మని వెలుగుతున్నాయి. మనుషులెవరూ లేని ఉద్యానవనంలో ఊయలలు వాటంతటవే ఊగుతున్నాయి. ఏనుగంత ఎత్తున నీటి చిమ్మెనలు లేచి, ఎవరికోసమూ కాకుండా కిందికి జారుతున్నాయి. రత్నాల పంజరాల్లో కొయ్య నెమళ్ళు మెరుపు తగిలి పురి విప్పుతున్నాయి, ముడుచుకుంటున్నాయి, మళ్ళీ విప్పుతున్నాయి. వీటన్నిటి వెనకా ఒకటే చప్పుడు, తకిట తకధిమి, తకిట తకధిమి. ఆ కొయ్య నెమళ్ళకు పోసే మెరుపులో సగం చాలు, లవణపురి గట్టెక్కడానికి. నది అవతల తన చెల్లెలు కాళ్ళు విరగ తొక్కుతుంటే ఇక్కడ కొయ్య నెమలి నాట్యమాడుతోంది! వసుకేతుడికి ఒళ్ళు మండిపోయింది.

కోటలో రాజు పేరిట పడమటి ప్రాంతాన్ని ఏలే ప్రచండవర్మ కొలువుదీరి ఉన్నాడు. స్వయానా వసుకేతుడి మేనమామ. పన్నెండేళ్ళుగా రాకపోకలు లేవు. కచేరీ పేరుతో లోపలికొచ్చిన యువరాజు గడ్డం పీకి విసిరేసి ఎదుట నిలబడేసరికి భటులు కత్తులు దూశారు.

"ఆగండ్రా!" ప్రచండవర్మ సింహాసనం దిగి వచ్చాడు. "వసూ! నువ్వట్రా అల్లుడూ? ఆ చెంపకేమైంది?"

"తాళం తప్పాను మామా. అది తరువాత చెబుతాను. లవణపురి మునిగిపోతోంది. హేమ చక్రమెక్కి తొక్కుతోంది. నాకు మెరుపు కావాలి."

ప్రచండవర్మ ముఖం పాలిపోయింది. కానీ మనిషి కదా, దెప్పకుండా ఉండలేకపోయాడు. "మీ తాత ఆనాడే మా ఏడు నడకకు మారి ఉంటే ఈ గతి పట్టేదా?"

"మీ తాత మా ఐదుకు మారలేకపోయాడా మామా?"

కాసేపు మామా అల్లుళ్ళు గుడ్లురిమి చూసుకున్నారు. చివరికి ప్రచండవర్మే తల దించుకున్నాడు. "ఛీ, ఛీ! నా మేనకోడలు నీళ్ళలో మునుగుతుంటే దరువులు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఎంత కావాలో అంత తీసుకుపో."

మెరుపు పండితుడొకడు మెల్లగా దగ్గాడు. "తిన్నగా ఇస్తే లాభం లేదు ప్రభూ. మన నడక తగిలితే వాళ్ళ చక్రాలు పుల్లల్లా విరిగిపోతాయి. జంటచక్రాల దీవి గుండానే పంపాలి."

నది మధ్యలో ఉన్న ఆ దీవిలో ఒకే ఇరుసు మీద రెండు మహాచక్రాలున్నాయి. పడమటి మెరుపు తగిలి మొదటిది తిరిగితే, దానితో పాటు రెండోది తిరిగి తూర్పు నడక మెరుపును పుట్టిస్తుంది. ఎప్పుడో ఒక రాజుకు బుద్ధి పుట్టి కట్టించాడు. ఆ తరువాత ఏ రాజుకూ దాన్ని తిప్పే బుద్ధి పుట్టలేదు. ఇరుసును కాపలా కాయడానికి మాంత్రికులు లంబోష్ఠి అనే భూతాన్ని అక్కడ కూర్చోబెట్టారు. అది కనబడిన మనిషినల్లా మింగుతుందని అటువైపు ఎవరూ పోరు.

"దీవి దాకా మెరుపు పంపుతాను, అల్లుడూ. అక్కడ దాన్ని ఆపే తలుపు తీసి చక్రానికి తగిలించడం నీ వంతు" అన్నాడు ప్రచండవర్మ.

వసుకేతుడు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. దీవికి చేరాలి, భూతాన్ని లొంగదియ్యాలి. సరిగ్గా అప్పుడే కోటలో మధ్యాహ్నపు గంట మోగింది. అతను భుజం మీది రాచిలుకను చేతిలోకి తీసుకుని నేర్పాడు:

"హేమా, మధ్యాహ్నం దాటిన మూడో గడియ గంటకు మెరుపు వదులుతాను. గంట వినగానే తాళ్ళు విప్పి అందరినీ దించెయ్, మెరుపు తగిలి చక్రాలు తిరిగితే వాటి మీదున్నవాళ్ళు బతకరు. అంతకు ముందు ఒక్కరినీ దిగనివ్వకు, సముద్రం ఆగదు."

చిలుక ఆ మాటలు పొల్లుపోకుండా వల్లించి తూర్పుకు ఎగిరింది. యువరాజూ మద్దెలగాడూ రేవుకు పరుగుతీశారు.

పడవ దీవిని తాకగానే ఎండలో కూడా చలి పుట్టింది. నాచు పట్టిన రాతిమంటపంలో తాటిచెట్టంత ఎత్తున రెండు చక్రాలు ఎదురుబొదురుగా నిలబడి ఉన్నాయి. నడుమ ఇరుసును కావలించుకుని, మోకాళ్ళ దాకా వేలాడే కింది పెదవితో, లంబోష్ఠి గుర్రుపెడుతోంది. డిండిముడు అడుగు వెయ్యగానే ఒక కన్ను తెరిచింది.

"వచ్చారూ... ఎవరిది గొప్పో తేల్చుకుందామని వచ్చారూ? లావుపాటివాణ్ణి ముందు తింటాను."

"ఎవరిదీ గొప్ప కాదు తల్లీ. చక్రం తిరగాలి" అన్నాడు వసుకేతుడు.

భూతం పకపకా నవ్వింది. "అయితే వాయించండి. ఒకే ఊపిరిలో ఒకడు ఐదు, ఒకడు ఏడు. ఊపిరి చివర ఇద్దరి దెబ్బా ఒక్కచోట పడాలి. నేను ఇరుసు వదిలేదాకా అలాగే సాగాలి. ఒకడి నడకలోకి ఒకడు జారాడా, ఇద్దరూ నా నోట్లోకి జారినట్టే."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రాతి మీద అరచేతులు పడ్డాయి. నాలుగు ఊపిరుల దాకా బాగానే నడిచింది. అంతలో శైలపురి నుంచి గంట గణగణమని రెండు దెబ్బలు మోగింది. డిండిముడు ఉలిక్కిపడ్డాడు. అతని ఏడు కాస్తా జారి ఐదులో పడింది. రెప్పపాటులో భూతం నాలుక తాడులా వచ్చి అతని చీలమండకు చుట్టుకుంది, బరబరా ఈడ్చింది.

"ప్రభూ! చచ్చాను! వాయించండి, ఆపకండి!"

వసుకేతుడు ఒక చేత్తో డిండిముడి జుట్టు పట్టుకుని, రెండో చేత్తోనే ఐదు వాయించాడు. డిండిముడు వెల్లకిలా ఈడ్చుకుపోతూ, కేకలు పెడుతూ, తన పొట్ట మీదే ఏడు వాయించాడు. తక తకిట. తకిట తకధిమి. ఊపిరి చివర ధామ్మని ఒక్కటే దెబ్బ! మళ్ళీ. మళ్ళీ ఒక్కటే! నాలుక పట్టు సడలింది. వాయించగా వాయించగా ఐదు ఎవరిదో ఏడు ఎవరిదో తెలియకుండా పోయింది. వినేవాడెవడైనా ఉంటే ఎంత ఇంపుగా ఉందో చెప్పేవాడు. వినడానికి భూతం తప్ప ఎవరున్నారు? అది ఇరుసు వదిలేసి, పెదవి నేలకానించుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఈ రెండూ కలిపి వినిపిస్తారని ఎన్ని తరాలు కూర్చున్నాన్రా నాయనా. మీలాంటి మనుషులు ఇన్నాళ్ళూ ఏమైపోయారు?" అని మూలుగుతూ పక్కకు తప్పుకుంది.

ఏడుపు ఆపలేదు. ఆ గోలలో దూరాన తూర్పు నుంచి సముద్రపు గాలి మీద ఏదో గంట వినిపించీ వినిపించనట్టు తేలివచ్చింది. వసుకేతుడు పట్టించుకోలేదు. తుప్పు పట్టిన తలుపు గడియ మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు. మరికాసేపటికి శైలపురి బురుజు నుంచి గంట గణగణమంది. ఒకటి. రెండు. మూడు!

"హేమా, దిగు తల్లీ!" అని అరుస్తూ తలుపు లాగాడు.

నీలిమంట ఒకటి రాగి స్తంభం మీదుగా దూకింది. మొదటి చక్రం మూలిగింది, కదిలింది, తిరిగింది. దానితో పాటు రెండోదీ తిరిగింది. తక తకిట, తక తకిట! ఎన్నాళ్ళకో వింటున్నట్టుంది తన ఊరి దరువు! వసుకేతుడు ఎగిరి గంతేశాడు. డిండిముణ్ణి కావలించుకున్నాడు.

డిండిముడు మాత్రం కొయ్యబారి నిలబడి ఉన్నాడు.

"ప్రభూ... ఇందాక మన ఊరి గంటవాడు కొట్టాడు. రెండు దెబ్బలే కొట్టాడు."

"ఏమిటి నువ్వనేది?"

"ఇక్కడ మూడైంది. మన ఊళ్ళో ఇంకా మూడు కాలేదు."

ఆ రాజ్యంలో గంటల్ని తిప్పేది మెరుపే. ఇన్ని దరువులైతే ఒక గడియ అని రెండు ఒడ్డుల్లోనూ ఒకటే లెక్క. దరువులే వేరైనప్పుడు గడియ ఒకటెలా అవుతుంది? ఏడు నడక గంట ఉరుకుతుంది, ఐదు నడక గంట వెనకపడుతుంది. రోజూ మధ్యాహ్నం సూర్యుణ్ణి చూసి రెండు కోటల్లోనూ గంట సరిచేసుకుంటారు గనుక ఎవరి గంట వాళ్ళకు ఒప్పుగానే కనబడుతుంది. లవణపురిలో మెరుపు పోయినా ముసలి గంటవాడు చేత్తో దరువు లెక్కపెట్టి, తన తాత ముత్తాతల నడకలోనే గంట కొడుతున్నాడు. రెండు గంటలూ వినబడే చోటు రాజ్యం మొత్తం మీద ఈ దీవి ఒక్కటే. ఈ దీవికి ఎవరూ రారు.

గడియ అంటే గడియే కదా అనుకున్నాడు వసుకేతుడు. మామ కూడా అలాగే అనుకున్నాడు. ఎవరి గడియ అని అడగాలని ఒక్కరికీ తోచలేదు.

"రెండు నడకలు కలిపావు. రెండు గంటలు కలపలేదేం నాయనా?" అంది లంబోష్ఠి, పెదవి తుడుచుకుంటూ.

అతను తలుపు మీదికి ఉరికి చెయ్యి వేశాడు, మూసెయ్యాలని. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు మూసి లాభమేముంది? మెరుపు నది దాటడానికి రెప్పపాటు చాలు. అందవలసిన చోటికి అది ఎప్పుడో అందింది.

పడవలోకి దూకారు. వసుకేతుడు తెడ్డు వేస్తుంటే అరచేతులు చిట్లి నెత్తురు కారింది. మిగిలిన నదిలో సగం దాటారో లేదో, లవణపురి బురుజు మీద గంట మోగడం మొదలెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఏ తొందరా లేకుండా, నిమ్మళంగా, ఒక్కొక్క దెబ్బే కొట్టాడు ముసలాడు. పాపం, అతను వేళ తప్పలేదు.

డిండిముడు చెవులు మూసుకుని పడవ అడుగున కూలబడ్డాడు.

ఒడ్డు చేరేసరికి తూముల్లోంచి నీళ్ళు నదిలా బయటికి పోతున్నాయి. చక్రాలన్నీ జోరుగా తిరుగుతున్నాయి. ఎగువ పేటల్లో జనం మిద్దెలెక్కి కేరింతలు కొడుతున్నారు, "యువరాజుకు జయం!" అని పూలు విసురుతున్నారు. పల్లపు పేటలో ఒక్క గొంతూ లేవలేదు. అక్కడ గట్టు మీద వరసగా పడుకోబెట్టారు, తాళ్ళు విప్పుకునే వ్యవధి లేనివాళ్ళను. కొందరి నడుములకు తాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక ముసలమ్మ తన కొడుకు నడుము దగ్గర ముడిని పళ్ళతో విప్పుతోంది. అది విప్పీ చేసేదేమీ లేదు, అయినా విప్పుతోంది.

హేమలేఖ నిలబడే ఉంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగి వేలాడుతోంది. కాళ్ళు పగిలి రక్తమోడుతున్నాయి. అన్నను చూసి ఏడవలేదు.

"గంట కొట్టకముందే ఎందుకు వదిలావు?"

"మూడో గంటకే వదిలానమ్మా."

"ఎవరి మూడో గంట?"

చెల్లెలే మళ్ళీ అంది, "నీ చిలుక రాగానే అందరికీ చెప్పాను. మా అన్న మాటంటే మాటే, గంట మోగేదాకా ఒక్కరూ దిగొద్దన్నాను. నా పక్క చక్రం మీది నరసాలు, కాళ్ళు పడిపోయాయమ్మా, ఒక్కసారి దింపమ్మా అని ఏడ్చాడు. నేను దింపలేదు. నీ మాట నిలబెట్టడానికి వాణ్ణి కట్టి ఉంచాను అన్నయ్యా."

"తప్పు నాది. ఒక్క నాదే. పడమటి గడియ వేరని నాకు..."

"పడమటోళ్ళే చేశారు!" గుంపులోంచి ఎవరో అరిచారు. "కావాలని ముందే వదిలారు! మన నడకను నాశనం చెయ్యాలని!"

"కాదు! మామ మంచికే ఇచ్చాడు. అడిగింది నేను, వేళ చెప్పింది నేను, తలుపు తీసింది నేను!"

"విన్నారా? మేనమామను వెనకేసుకొస్తున్నాడు!"

ఇంకెక్కడి మాటలు? నిజం ఎదురుగా నిలబడి గొంతు చించుకుంటుంటే ఒక్కడూ వినలేదు. గునపాలు లేచాయి, గొడ్డళ్ళు లేచాయి. "జంటచక్రాలు పగలగొట్టండి! పడమటి మెరుపు మనకొద్దు!" అంటూ రేవు వైపు జనం కదిలారు. అందరికంటే ముందు, ఎడమచేత గునపం పట్టుకుని, హేమలేఖ కదిలింది.

వసుకేతుడు పరుగున వెళ్ళి రేవు మెట్ల మీద అడ్డం నిలబడ్డాడు. కత్తి దూసి, మెట్లకు కట్టిన పడవల తాళ్ళను టపటపా నరికేశాడు. పడవలు ఒక్కొక్కటే ప్రవాహంలో కొట్టుకుపోయాయి. తాను వచ్చిన పడవ ఒక్కటే మిగిలింది. డిండిముడు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఒక రాయి వచ్చి యువరాజు నుదుటికి తగిలింది.

"ఆ చక్రాలు ఆగితే సముద్రం లోపలికొస్తుంది హేమా! మళ్ళీ ఎవరు తొక్కుతారు?"

"మేమే తొక్కుతాం."

"ఎవరమ్మా? ఆ గట్టు మీద పడుకున్నవాళ్ళా?"

ఆ మాట అనకుండా ఉండవలసింది. హేమలేఖ ముఖంలో ఉన్న కాస్త చెల్లెలితనమూ ఆ మాటతో ఆరిపోయింది. ఆమె వెనక ముసలమ్మ గట్టు మీది నుంచి లేచి, కొడుకు నడుము నుంచి విప్పిన తాడు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడింది.

"తప్పుకో అన్నయ్యా."

"తప్పుకోను."

అతని వెనక, నది నడుమ, జంటచక్రాలు లవణపురి కోసం తిరుగుతూనే ఉన్నాయి. ఎదుట, ఆ చక్రాలు కాపాడుతున్న జనమే ఆయుధాలెత్తి మెట్లు దిగుతున్నారు. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి వసుకేతుడు తన ఊరివాళ్ళ మీద కత్తి ఎత్తాడు. హేమలేఖ గునపం మొదటి దెబ్బ ఆ కత్తి మీదే పడింది.